కర్ర నేల – దాని జమాఖర్చు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం ఒక ఎత్తయితే, కట్టిన ఇంటికి నేల వేయించడం మరొక ఎత్తు. గోడకు వేసిన రంగు నచ్చకపోతే వచ్చే దీపావళికి మార్చుకోవచ్చు. తలుపు నచ్చకపోతే ఊడదీసి ఇంకోటి బిగించుకోవచ్చు. నేల అలా కాదు. మంచాలు, బీరువాలు, బియ్యం డబ్బాలు, మనుషులు అందరూ దాని మీదే ఉంటారు. ఒకసారి వేశామంటే ఇరవై ముప్పై ఏళ్ళు దానితోనే కాపురం.

అందుకని ఈసారి వడ్డీ రేట్లను, బీమా పాలసీలను కాస్త పక్కన పెట్టి నేల సంగతి రాస్తున్నాను. మా ఇంటి పై గదికి చేపముల్లు నమూనాలో టేకు కర్ర నేల వేయించాం. ఈ కబురు తెలిసిన దగ్గర నుంచి ముంబయిలో, సూరత్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు. ఎంత అయింది, ఎవరు వేశారు, మన ఎండలకు నిలుస్తుందా అని. అందరికీ కలిపి ఇదే నా జవాబు. పనిలో పనిగా, ఆ నేల కోసం మా ఇంట్లో జరిగిన తగవు గురించి కూడా చెబుతాను. ఎందుకంటే లెక్క కంటే అదే ముఖ్యం.

మా దాజీ పేట్ చూడని వారికి ముందుగా రెండు మాటలు. 1870ల నుంచి సోలాపూర్‌లో బట్టల మిల్లులు వెలిశాక, నిజాం ఇలాకాలోని తెలుగు జిల్లాల నుంచి మన నేతపనివాళ్ళు కుటుంబాలతో సహా ఇక్కడికి వచ్చారు. కొందరు గిరణీలో పనికి కుదిరారు. కొందరు ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నారు. దాజీ పేట్, కన్నా చౌక్, అశోక్ చౌక్ చుట్టుపక్కల ఇప్పటికీ సందుల్లో నడుస్తుంటే తెలుగే వినబడుతుంది. పాత ఇళ్ళ తీరు దాదాపు ఒకటే. ముందు గదిలో మగ్గం, వెనక వంట, మధ్యలో సంసారం. మొదట్లో మట్టి నేల. పేడతో అలికేవాళ్ళు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక శహాబాదు ఫర్శీ వచ్చింది.

ఈ శహాబాదు మనకు దూరమేమీ కాదు. సోలాపూర్ నుంచి వాడి వెళ్ళే రైలు మార్గంలో గుల్బర్గా దాటాక వస్తుంది. గుల్బర్గా జిల్లా పేరు 2014లో కలబురగి అయింది. అక్కడి సున్నపురాయి పలకలు పలకలుగా లేస్తుంది. ఇంకొంచెం తూర్పుకు వెళితే మన తెలంగాణలోని తాండూరు. అక్కడా ఇలాంటి రాయే, నీలంగానూ పసుప్పచ్చగానూ దొరుకుతుంది. ఇక మహారాష్ట్ర వంటిళ్ళలో గట్టు మీద పరిచే నల్ల రాయిని ‘కడప్పా’ అంటారు. ఆ పేరు మన కడపదేనని చాలామంది మరాఠీ స్నేహితులకు తెలియదు. నేను చెబితే నవ్వుతారు. ఊరుగాని ఊరిలో మనకంటే ముందే మన రాళ్ళు స్థిరపడ్డాయని నేనూ నవ్వుతాను.

ఈ రాతి నేల మన బతుకుకు అతికినట్టు సరిపోయింది. మా అమ్మ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. చాట ఒళ్ళో పెట్టుకుని ఫర్శీ మీదే కూర్చునేది. తునికాకు నానబెట్టాలి, తడిగుడ్డలో చుట్టాలి, అప్పుడే అది విరగకుండా మెత్తబడుతుంది. ఆ తడంతా నేల మీదే. ఏళ్ళ తరబడి నాలుగైదు రోజులకొకసారి కుళాయి వచ్చిన ఊరు మాది. నీళ్ళు వచ్చిన రోజు పీపాలు నింపడం, బట్టలు ఉతకడం, చివర్న మిగిలిన నీళ్ళతో ఇల్లంతా కడగడం, అదొక చిన్న పండుగ. వేసవిలో 42, 43 డిగ్రీల ఎండలో ఆ కడిగిన ఫర్శీ మీద వెన్ను వాల్చితే ఏ కూలరూ అక్కర్లేదనిపించేది.

మరి అలాంటి ఇంట్లోకి కర్ర నేల ఎందుకొచ్చింది?

2019లో మా ఇంటి పై అంతస్తు పాత కప్పు తీసేసి స్లాబు వేయించాం. ఆ కప్పు నుంచి తొమ్మిది టేకు దూలాలు దిగాయి. ఒక్కొక్కటి 12 అడుగుల పొడవు, 6 అంగుళాల చదరం. లెక్క కడితే ఒక్కోటి 3 ఘనపుటడుగులు, మొత్తం 27. వాటితోపాటు అటక మీద నుంచి మా తాత గుంట మగ్గం కర్రలు కూడా దిగాయి. అన్నిటినీ పెరట్లో రేకుల కింద పేర్చి పెట్టాం. నాలుగేళ్ళ తర్వాత పాత కర్ర వ్యాపారి ఒకాయన వచ్చి చూసి, ఘనపుటడుగుకు 1,600 చొప్పున ఇస్తానన్నాడు. అంటే 43,200 రూపాయలు. మంచి ధరే అనిపించింది.

ఆ సమయంలో మా చిన్నమ్మాయి పుణె నుంచి వచ్చింది. ఆర్కిటెక్చర్ చదువుతోంది. “నాన్నా, ఇలాంటి టేకు ఇప్పుడు కొనాలన్నా దొరకదు. అమ్మొద్దు. పై గదికి చేపముల్లు నేల వేద్దాం” అంది. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పొడవాటి చిన్న చిన్న ముక్కలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాలి, చేప వెన్నెముకకు ముళ్ళున్నట్టు వరుసలు కడతాయి. బాగానే ఉంది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ, దూలాల్లో ఎంత పనికొస్తుందో తెలియదు కాబట్టి మగ్గం కర్రలు కూడా కోయిద్దామంది.

మా అమ్మకు ఎనభై దాటాయి. మాటలన్నీ వింటూ కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది.

“ఏందిరా, మీ తాత మగ్గం కోయిస్తరా? కోసి కాళ్ళ కింద పరుస్తరా? దాని మీదనే గదరా మనమందరం బుక్కెడు బువ్వ తిన్నది.”

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. “నాయనమ్మా, మగ్గం నడిచేదే కాళ్ళతో కదా! ముత్తాత రోజంతా తొక్కేవాడని నువ్వే చెప్పావు.”

“తొక్కుడు చెక్కలను తొక్కిండు. బట్ట చుట్టే కర్రను ఎన్నడన్న తొక్కిండా? పొద్దుగాల లేచి దానికి దండం పెట్టి కూసునేటోడు. దండం పెట్టిన కర్రను మీరు చెప్పులేసుకొని తొక్కుతరు.”

ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నేత పని చేయడం లేదు. మా తమ్ముడి మరమగ్గాలు కూడా ఎన్నడో అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.కి తరలిపోయాయి. మేము నేతవాళ్ళం అని చెప్పడానికి ఇంట్లో మిగిలిన వస్తువు ఆ మగ్గం ఒక్కటే. దాన్ని ఎవరూ వాడరు, ఎవరూ పారేయరు. ఇలాంటి వస్తువు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. మా అమ్మ దృష్టిలో దాన్ని నేలలో కలపడమంటే, మేము ఎక్కడి నుంచి వచ్చామో దాన్ని తొక్కి నడవడమే. మా అమ్మాయి దృష్టిలో అటక మీద చెదలకు వదిలేయడం కంటే రోజూ కంటికి కనబడేలా వాడుకోవడమే గౌరవం. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. మూడు రోజులు నాయనమ్మకూ మనవరాలికీ మాటల్లేవు. నేను నడుమ నలిగిపోయాను.

నాలుగో రోజున మా మేనమామ వచ్చాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల దగ్గర గడిపిన మనిషి. మా అమ్మాయి గీసిన బొమ్మ చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. “గిది ట్విల్లే గదరా! గిరణీల కోటు బట్ట ఇట్లనే నేసేటోళ్ళం” అన్నాడు.

మాకెవరికీ తట్టని సంగతి అది. మామూలు నేతలో పేక దారం ఒక పడుగు పోగు మీద నుంచి, ఒకదాని కింద నుంచి పోతుంది. ట్విల్‌లో రెండింటి మీద నుంచి, రెండింటి కింద నుంచి పోతుంది. పైగా ప్రతి పేకకూ ఒక పోగు పక్కకు జరుగుతుంది. దాంతో బట్ట మీద ఏటవాలు గీత పడుతుంది. మీ ఇంట్లో ఉన్న జీను ప్యాంటును వెలుతురులో చూడండి, ఆ గీత కనబడుతుంది. కొన్ని పోగుల తర్వాత ఆ గీతను వెనక్కి తిప్పితే అదే చేపముల్లు. అంటే మా అమ్మాయి పుణెలో నేర్చుకున్నది మా మామ చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది.

నమూనా కూడా పాతదే. రోమన్లు ఇటుకలను ఇలాగే ఏటవాలుగా పేర్చేవారు. దానికి గోధుమ కంకి పోలికతో పేరు పెట్టారు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో 1420 నుంచి 1436 వరకు కట్టిన పెద్ద గుమ్మటంలో ఇటుకలు ఈ వరుసలోనే ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు కర్ర నేలలో దీన్ని ‘విరిగిన కర్ర’ అంటారు. ఫ్రాన్సు రాజుగారి వెర్సాయి ప్రాసాదంలో 1684లో పాలరాతి నేలలు తీసి నమూనా కర్ర నేలలు వేయించారు. కారణం ఏమిటంటే, రాతి నేలను ఊరికే కడుగుతుంటే నీళ్ళు కిందికి దిగి, దాన్ని మోసే దూలాలు కుళ్ళిపోయేవట! కడగడం మాననివాళ్ళు ఒక్క మా దాజీ పేట్‌లోనే కాదన్నమాట.

తగవు తీర్చింది కూడా మామే. “అక్కా, గడపను మనం తొక్కుతమా? పసుపు రాసి మొక్కుతం గద. ఆ బట్ట చుట్టే కర్రను గడప చెయ్‌మను. మిగిలిన మగ్గం ముట్టొద్దు. దూలాలు వాన్లు ఏమన్న చేసుకోని.” మా అమ్మ కొంచెం సేపు ఆలోచించి, “గడపంటే సరే” అంది. నేల దూలాలతో, గడప మగ్గంతో అని ఒప్పందం కుదిరింది. బ్యాంకులో ఎన్నో రాజీలు చూశాను గానీ, ఇరుపక్షాలూ ఇంత తృప్తిగా లేచిన రాజీ అరుదు.

ఇక పని సంగతి. వేయించుకోవాలనుకునే వారికి పనికొస్తుందని వరుసగా చెబుతున్నాను.

మొదటిది చోటు. కింది గదికి కర్ర వద్దనుకున్నాం. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిస్తుంది. కింద నుంచి చెమ్మ ఎక్కుతుంది, చెదలు కూడా. పై అంతస్తు స్లాబుకు ఆ బాధలు లేవు. అయినా పరీక్ష చేశాం. గజం ఉన్న పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో స్లాబుకు అంటించి ఒక రోజు వదిలేశాం. కాగితం కింద నీటి చుక్కలు చేరితే సిమెంటులో ఇంకా తడి ఉన్నట్టు. మాకు పొడిగానే ఉంది. కొత్త స్లాబు మీద తొందరపడి కర్ర వేయించవద్దు.

రెండవది కోత. పాత దూలంలో మేకులుంటాయి. కోత మిల్లువాళ్ళు ఆ భయంతో ముందు ఒప్పుకోలేదు. మా వడ్రంగి అయస్కాంతంతో ప్రతి దూలాన్నీ తడిమి, దొరికిన మేకునల్లా పీకాక గానీ రంపం ఆడలేదు. ముక్క కొలత 15 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. ఐదు ముక్కలు పక్కపక్కన పెడితే సరిగ్గా ఒక ముక్క పొడవు రావాలి. ఈ లెక్క తప్పితే నాలుగు వరుసలు పోయేసరికి నమూనా గతి తప్పుతుంది. గది 12 అడుగులకు 15, అంటే 180 చదరపు అడుగులు. దానికి 576 ముక్కలు కావాలి. చేపముల్లులో గోడల వెంబడి ఏటవాలు కోతలు ఎక్కువ కాబట్టి, తరుగు కింద నూటికి పది నుంచి పదిహేను ఎక్కువ ఉంచుకోవాలి. మేము 72 ఎక్కువ వేసి 648 కోయించాం. 27 ఘనపుటడుగుల దూలాల్లో ముక్కలైంది సగం కంటే తక్కువే. మిగతాది రంపపు పొట్టు, మేకుల చోట్లు, పగుళ్ళు. అది స్నానాల బంబులోకి పోయింది. చిన్న ముక్కలు కావడం వల్లే ఆ మాత్రమైనా దక్కింది. పొడవాటి పలకలు కావాలంటే పాత దూలం అంత ఇవ్వలేదు.

మూడవది ఓపిక. కోసిన ముక్కలను ఆ గదిలోనే గాలి ఆడేలా పేర్చి మూడు వారాలు వదిలేశాం. కర్ర తాను ఉండబోయే గది గాలికి అలవాటు పడాలి. కార్తీక మాసంలో పని పెట్టుకోవడం కూడా అందుకే. వానలు పోయాయి, ఎండలు రాలేదు. నడిమి కాలం.

నాలుగవది మట్టం. స్లాబు మీద రెండు మీటర్ల బద్ద ఆనిస్తే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. ఎక్కువుంటే మట్టం చేయించాలి. లేకపోతే ముక్క కింద డొల్ల ఉండి నడిచినప్పుడల్లా చప్పుడు చేస్తుంది.

ఐదవది నడిమి గీత. ఇక్కడే మామ మళ్ళీ అక్కరకొచ్చాడు. వడ్రంగి జిగురు లేకుండా ముందు ఉత్తుత్తిగా పేర్చి చూపిద్దామని ఎడమ గోడ పట్టుకుని మొదలుపెట్టాడు. మూడు వరుసలయ్యాక మామ గుమ్మం దగ్గర గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. “పడుగు వంకరున్నది” అన్నాడు. కొలిస్తే నిజమే. గదికి ఒక చివర 12 అడుగులుంటే రెండో చివర రెండు అంగుళాలు తక్కువ. పాత ఇళ్ళలో మూలమట్టానికి ఉన్న గోడ దొరకడం కష్టం. అప్పుడు రెండు చివర్ల మధ్య బిందువులు కలిపి సున్నం దారంతో నడిమి గీత కొట్టారు. దానికి అడ్డగీత వేయడానికి 3–4–5 సూత్రం. ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెడితే, ఆ గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. వస్తే మూల సరిగా ఉన్నట్టే. నమూనా నడిమి గీత నుంచి రెండు వైపులా పెరిగింది. వంకర అంతా గోడల దగ్గరి కోత ముక్కల్లో కలిసిపోయింది, కంటికి కనబడదు. ముక్క చివర మొద్దుగా ఉండి పక్క ముక్క పక్కకు ఆనాలి. ప్రతి ముక్కా ఇంకోదాన్ని పట్టి ఉంచుతుంది. నేతలో పోగు పోగును పట్టి ఉంచినట్టే.

ఆరవది, చాలామంది మేస్త్రీలు వదిలేసేది, గోడ వెంబడి సందు. కర్ర పొడవునా దాదాపు పెరగదు. అడ్డంగానే పెరుగుతుంది, తరుగుతుంది. తిన్నగా వేసిన పలకల నేల ఒక వైపే కదులుతుంది. చేపముల్లులో ముక్కలు రెండు దిక్కులకూ వాలి ఉంటాయి కాబట్టి నాలుగు వైపులా కదులుతుంది. అందుకని నాలుగు గోడల దగ్గరా అర అంగుళం ఖాళీ వదిలాం. దాని మీద స్కర్టింగ్ పట్టీ వస్తుంది. ఆ పట్టీని గోడకు కొట్టాలి గానీ నేలకు కొట్టకూడదు. ఈ ఖాళీ లేకపోతే వానాకాలంలో కర్ర ఉబ్బి, పోవడానికి చోటు లేక నడి గదిలో పైకి లేస్తుంది. టేకు ఇందులో కొంచెం నయం. పచ్చి కర్ర పూర్తిగా ఆరేసరికి టేకు అడ్డంగా నూటికి ఆరు పాళ్ళ లోపే తరుగుతుంది. అమెరికాలో ఎక్కువగా వేసే తెల్ల ఓక్ పది దాటుతుంది.

పళ్ళ తాపీతో జిగురు పరిచి ముక్కలు అంటించడానికి ఐదు రోజులు, ఆరడానికి ఇంకో వారం. తర్వాత మిషనుతో గీకి నున్నగా చేసి మూడు చేతులు పాలిష్ వేశారు. గడపకు మాత్రం పాలిష్ వద్దని మా అమ్మ పట్టుబట్టింది. నూనె పట్టించి వదిలేశాం. ఎందుకో చెప్పనక్కర్లేదు కదా, పసుపు రాయాలి!

ఇప్పుడు మీరు ఎదురు చూస్తున్న లెక్క. దూలాలు ఇంట్లోవే కదా, ఉచితం అని ఇంట్లో అందరూ అన్నారు. కామర్స్ చదివిన వాడిగా నేను ఒప్పుకోను. వ్యాపారి 43,200 ఇస్తానన్నప్పుడు దాన్ని వదులుకోవడం కూడా ఖర్చే. కనుక అది ముందు రాశాను. కోత, చిత్రిక 15,000. మట్టం చేయడం, జిగురు 18,000. వేసిన కూలి 19,800. గీకుడు, పాలిష్ 13,500. స్కర్టింగ్, గడప 4,500. మొత్తం 1,14,000. చదరపు అడుగుకు 633 రూపాయలు. జేబులోంచి నగదుగా పోయింది 70,800, అంటే అడుగుకు 393. ఫ్యాక్టరీలో తయారైన చేపముల్లు కర్ర నేలకు మాకు చెప్పిన ధర అడుగుకు 720. మామూలు విట్రిఫైడ్ టైలుకు కూలీతో కలిపి 120. ఇవి 2023లో మా ఊరి ధరలు, మీ ఊళ్ళో వేరుగా ఉంటాయి.

ఇక్కడ నిజం చెప్పాలి. కర్ర నేల యాభై ఏళ్ళు నిలిచిందనుకుందాం. 633ని యాభైతో భాగిస్తే అడుగుకు ఏడాదికి దాదాపు 12 రూపాయల 70 పైసలు. మధ్యలో గీకించి పాలిష్ పెట్టించే ఖర్చు వేరు. టైలును ఇరవై ఏళ్ళకు మార్చినా ఏడాదికి 6 రూపాయలే. ‘దీర్ఘకాలంలో కర్రే చవక’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. టైలే చవక. కర్ర వేయించుకునేది చవక కోసం కాదు. మాఘమాసం చలిలో పాదానికి గోరువెచ్చగా తగులుతుంది. గదిలో మాట గంగు రాదు. మా ముందుతరం తల మీద కప్పైన కర్ర మా ఇంట్లోనే ఉండిపోయింది. వీటికి నూరు రూపాయల విలువ కడతారా, లక్ష కడతారా అనేది ఎవరి ఇంటి లెక్క వారిది. లెక్క తెలిసి ఖర్చు పెడితే తర్వాత బాధ ఉండదు.

అప్పు మాత్రం చేయకండి. అప్పులిచ్చే ఉద్యోగంలో ఉండి చెబుతున్నాను. కప్పు కారుతుంటే, గోడ పగిలితే రిపేరు లోను తీసుకోండి, తప్పులేదు. అందానికి అప్పు వద్దు. నెలకు 6,000 చొప్పున ఒక ఏడాది రికరింగ్ డిపాజిట్ కడితే అసలే 72,000 అవుతుంది. మా నేల నగదు ఖర్చు అలాగే వెళ్ళింది. ఆ ఏడాదిలో కర్ర ఆరింది, మనసులు కూడా కుదుటపడ్డాయి.

వేశాక ఏమైందని కూడా అడుగుతున్నారు. 2024 మే నెలలో ముక్కల మధ్య పోస్టుకార్డు అంచంత సన్నని సందులు కనబడ్డాయి. మా ఆవిడ కంగారు పడింది. ఆగస్టులో నూలి పున్నమికి, మార్కండేయ రథోత్సవానికి బంధువులు వచ్చేనాటికి అవన్నీ వాటంతటవే మూసుకున్నాయి. మన రేగడి చేను ఎండకు నోరు తెరిచి వానకు మూసుకున్నట్టే ఇదీ. అది లోపం కాదు. ఆ సందుల్లో లప్పం కూరకండి. వానాకాలంలో కర్రకు చోటు చాలక తంటా వస్తుంది.

బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ చాలా ఇళ్ళలో కర్ర నేల ముందే ఉంటుంది. చలికాలంలో హీటరు వేస్తే గాలి ఎండి, మా మే నెల మీకు జనవరిలో వస్తుంది. ఇంట్లో గాలి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే నేలకూ మంచిది, మీ గొంతుకూ మంచిది. తడిగుడ్డ గట్టిగా పిండి తుడవాలి. బకెట్టుతో కడగకూడదు. నూనె దీపం కింద, పసుపు కుంకుమల కింద ఇత్తడి పళ్ళెం పెట్టండి. కుర్చీ కాళ్ళకు మందపాటి గుడ్డ బిళ్ళలు అంటించండి. చెప్పులు గుమ్మం బయట వదలడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కర్ర నేలకు మన ఆచారమే అన్నిటికంటే మంచి సంరక్షణ. కాకపోతే ముగ్గు మాత్రం దాని మీద వద్దు, వాకిట్లో వేసుకోండి.

మా ఇంట్లో కింద ఇప్పటికీ శహాబాదు ఫర్శీయే. మా అమ్మ దాని మీదే కూర్చుని కూరలు తరుగుతుంది, నీళ్ళు వచ్చిన రోజు కడిగిస్తుంది. శుక్రవారం నాడు మెల్లగా మెట్లెక్కి మగ్గం కర్ర గడపకు పసుపు రాస్తుంది. కర్ర నేల గురించి ఆవిడ అభిప్రాయం మారలేదు. “కడగని నేల కూడ నేలేనా” అంటూనే ఉంటుంది. ఒక ఇంట్లో రెండు రకాల నేలలు ఉండటానికి ఇబ్బందేమీ లేదు.

మీరూ నేల మార్చాలనుకుంటే దుకాణానికి వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ గదిలో రోజూ ఏ పని జరుగుతుంది? ఎంత నీళ్ళు పడతాయి? ఆ నేల మీద ఎక్కువసేపు కూర్చునేది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు ఎవరి పేరైతే వచ్చిందో, ముందు వారిని అడగండి. ఆ తర్వాతే నమూనా, ధర. పాత కర్ర ఏదైనా పెరట్లో పడి ఉంటే అమ్మే ముందు ఒకసారి కొలిచి చూడండి.

వచ్చే సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ పెట్టడం గురించి రాస్తాను. అంతవరకు సెలవు.